మట్టం తప్పని మనిషి – జేమ్స్ బ్రిండ్లీ

మన డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్లకు లాకులంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. తలుపులు మూసి నీళ్లు నింపితే పడవ పై కాలువలోకి ఎక్కుతుంది, నీళ్లు వదిలితే కింది కాలువలోకి దిగుతుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట కింది కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో ఆగలేదు. ధాన్యం పడవల్ని కూడా చాలాకాలం మోశాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఆ గట్ల మీదే సైకిళ్లు తొక్కుకుంటూ మనలో చాలామందిమి బడికి వచ్చాం.

ఇంగ్లండులో అలాంటి గట్టును టోపాత్ అంటారు. అక్కడ తాడు లాగింది గుర్రం. ఇప్పుడు గుర్రాలు లేవు. ఆ బాటల మీద జనం నడుస్తారు, కుక్కల్ని తిప్పుకుంటారు, గాలం వేసుకుని కూర్చుంటారు, సైకిళ్లు తొక్కుతారు. ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్ దగ్గర ఉన్న కొన్నేళ్లలో సెలవు రోజుల్లో నేనూ ఆ బాటలు పట్టుకుని తిరిగాను. దానికి తగ్గ సైకిలును గ్రావెల్ బైక్ అంటారు. హ్యాండిల్ రేసు సైకిలుకున్నట్టు కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం మట్టిదారికి సరిపడా లావుగా, 40 మిల్లీమీటర్ల వెడల్పున ఉంటాయి. గ్రావెల్ అన్న మాట మనకు కొత్తదేమీ కాదు. పంచాయతీ రోడ్డుకు లారీల్లో తోలించే గ్రావెలే.

అలా తిరుగుతున్నప్పుడు ఒక సంగతి గమనించాను. కొండలూ గుట్టలూ ఉన్న ప్రాంతంలో కూడా గంటల తరబడి ఎత్తు ఎక్కకుండా సైకిలు తొక్కవచ్చు. లాకు వచ్చినచోట నాలుగు బారలు ఎక్కుతాం, మళ్లీ సమతలమే. ఈ దారి ఇంత చదునుగా ఎలా ఉందన్న ప్రశ్నకు సమాధానం ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన పేరు జేమ్స్ బ్రిండ్లీ. ఆయనకు రాయడం సరిగ్గా రాదు.

బ్రిండ్లీ 1716లో డెర్బీషైర్‌లో, బక్స్‌టన్ పట్టణానికి దగ్గరున్న టన్‌స్టెడ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. ఆ తర్వాత కుటుంబం స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్‌కు వచ్చి స్థిరపడింది. బడి చదువు లేదనే చెప్పాలి. తల్లి ఇంట్లో నేర్పిన నాలుగు ముక్కలే ఆస్తి. 17 ఏళ్ల వయసులో, 1733లో, మాకిల్స్‌ఫీల్డ్ దగ్గర సటన్‌లో అబ్రహాం బెన్నెట్ అనే మరల మేస్త్రి దగ్గర ఏడేళ్ల ఒప్పందానికి పనిలో చేరాడు. నీటి చక్రాలు, గాలిమరలు, పళ్ల చక్రాలు చేసి బిగించడం ఆ మేస్త్రి వృత్తి. ఆ రోజుల్లో యంత్రాల ఇంజినీరంటే అతనే.

మొదట్లో కుర్రాడు దేనికీ పనికిరాడని తోటి పనివాళ్లు అనుకున్నారట. ఒక కాగితపు మిల్లు పని యజమానికి అంతుపట్టక ఆగిపోయిందని, బ్రిండ్లీ శనివారం పని ముగించుకుని మాంచెస్టర్ దాకా నడిచి వెళ్లి, అక్కడి మిల్లును ఆదివారం కళ్లారా చూసి, సోమవారం పొద్దుటికి తిరిగొచ్చి ఆ పని పూర్తి చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. బొమ్మ గీసుకోలేదు. చూసిన యంత్రాన్ని చూసినట్టు తలలో పెట్టుకుని వచ్చాడు. ఇందులో కొంత అతిశయం ఉండవచ్చు గానీ, జీవితాంతం ఆయన పనిచేసిన తీరు మాత్రం ఇదే.

1742లో లీక్‌లో సొంతంగా పని పెట్టుకున్నాడు. 1752లో అక్కడ ఆయన కట్టిన పిండిమర ఇప్పటికీ నిలిచి ఉంది, దాన్ని మ్యూజియంగా ఉంచారు. కుమ్మరి పరిశ్రమకు పేరుపడ్డ బర్స్‌లెమ్‌లో పింగాణీకి కావలసిన చెకుముకి రాయిని పొడి చేసే మరలు కట్టాడు. మాంచెస్టర్ దగ్గర క్లిఫ్టన్‌లో వెట్ ఎర్త్ అనే బొగ్గుగని ఊట నీటితో మునిగిపోతుంటే, ఇర్వెల్ నది కింద నుంచి సొరంగం వేసి నది నీటినే అవతలికి తీసుకెళ్లి, దానితో చక్రం తిప్పి, ఆ చక్రంతో గనిలోని నీటిని తోడించాడు. గనిని ముంచుతున్న నీటిని తోడటానికి నీటినే కూలికి పెట్టడం అన్నమాట.

కాలువల జోలికి వచ్చేసరికి ఆయనకు 43 ఏళ్లు. బ్రిడ్జ్‌వాటర్ జమీందారు, మూడో డ్యూక్ ఫ్రాన్సిస్ ఎగర్టన్‌కు వర్స్‌లీలో బొగ్గుగనులు ఉన్నాయి. బొగ్గు అమ్ముడుపోయేది మాంచెస్టర్‌లో. మధ్య దూరం పది మైళ్ల లోపే అయినా దారి బురద. ఆ దారిలో గుర్రం వీపున వేయగలిగింది వంద, నూట పాతిక కిలోలు. అదే గుర్రం నీళ్ల మీద పడవను లాగితే పాతిక టన్నులు కదులుతుంది. కాలువ గిట్టుబాటు కావడానికి ఈ ఒక్క లెక్క చాలు.

డ్యూక్ ఎస్టేటు వ్యవహారాలు చూసే జాన్ గిల్బర్ట్ ద్వారా 1759లో బ్రిండ్లీ ఈ పనిలోకి వచ్చాడు. కాలువ ఇర్వెల్ నదిని దాటాలి. లాకులు కట్టి నదిలోకి దిగి మళ్లీ అవతల ఎక్కడం ఒక పద్ధతి. మట్టం తప్పకుండా నది మీదుగా నీటి వంతెన కట్టి, దాని మీదే పడవల్ని నడపడం రెండోది. 1760లో పార్లమెంటు ఆమోదం పొందింది ఈ రెండో పద్ధతే. నది మీద సుమారు 12 మీటర్ల ఎత్తున రాతి కమానుల మీద కాలువ వెళ్తుందంటే నవ్వినవాళ్లు ఉన్నారు. నీటి బరువుకు వంతెన కూలుతుందని, కూలకపోయినా కారిపోతుందని వాదించారు.

కారకుండా చేసే కిటుకు బ్రిండ్లీ చేతిలో ఉంది. బంకమట్టిలో ఇసుక కలిపి, నీళ్లు పోసి, తొక్కి తొక్కి మెత్తని ముద్ద చేసి, దాన్ని కాలువ అడుగునా పక్కలా పొరలుగా పరచడం. ఇంగ్లీషులో దీన్ని పడ్లింగ్ అంటారు. మన రైతు వరినాటుకు ముందు చేను దమ్ము చేసేది కూడా నీరు కిందికి ఇంకిపోకుండానే. ఊహ ఒక్కటే. పార్లమెంటు కమిటీ ముందుకు బ్రిండ్లీ బంకమట్టి తెప్పించి, తొక్కి తొట్టిలా చేసి, నీళ్లు పోసి చుక్క కారడం లేదని చూపించాడని చెబుతారు. వంతెన ఎలా ఉంటుందో చూపమంటే పెద్ద జున్నుముద్ద కొనితెచ్చి చెక్కి చూపించాడని కూడా అంటారు. బొమ్మలు గీసి ఒప్పించడం చేతకాని మనిషికి మట్టీ జున్నూ మాటసాయం చేశాయి.

1761 జూలై 17న బార్టన్ నీటి వంతెన మీద మొదటి పడవ నడిచింది. కింద నదిలో పడవలు, పైన కాలువలో పడవలు. జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చి చూశారు. వర్స్‌లీ నుంచి మాంచెస్టర్ దాకా ఆ కాలువలో ఒక్క లాకు కూడా లేదు, అంతా ఒకే మట్టం. మాంచెస్టర్‌లో బొగ్గు ధర సగానికి పడిపోయిందని చరిత్రకారులు రాశారు. ఆ రాతి వంతెన ఇప్పుడు లేదు. పెద్ద ఓడలు వెళ్లే కాలువ కోసం దాన్ని తీసేసి, 1894లో ఇనుప వంతెన పెట్టారు. ఓడ వచ్చినప్పుడు నీళ్లతో సహా వంతెన మొత్తం పక్కకు తిరుగుతుంది. పక్కనే ఉన్న రోడ్డు వంతెన మీద సైకిలు ఆపి దాన్ని చూడవచ్చు. వర్స్‌లీ దగ్గర కాలువ నీరు తుప్పు రంగులో ఉంటుంది, పాత గనుల్లోని ఇనుము ఊరి వచ్చిన రంగు అది.

బార్టన్ తర్వాత బ్రిండ్లీకి పిలుపులు ఆగలేదు. మెర్సీ, ట్రెంట్, సెవర్న్, థేమ్స్ అనే నాలుగు పెద్ద నదుల్ని కాలువలతో కలిపి, దేశం మధ్యలో ఒక పెద్ద కూడలి వేయాలన్నది ఆయన ఆలోచన. వెన్నెముక లాంటిది ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ, పొడవు 93 మైళ్లు. దానికి వెనక నిలబడ్డవాడు పింగాణీ పరిశ్రమాధిపతి జోసయ్య వెడ్జ్‌వుడ్. గుర్రాల వీపు మీద వెళ్లే పింగాణీ దారిలోనే పగిలిపోయేది. నీటి మీద వెళ్తే కుదుపు ఉండదు. 1766 జూలై 26న మొదటి పార మట్టి వెడ్జ్‌వుడ్ తీశాడు.

బ్రిండ్లీ కాలువల్ని మ్యాపులో చూస్తే నిటారు గీతలు అరుదు. ఎదురుగా గుట్ట వస్తే దాని నడుము చుట్టూ ఒకే ఎత్తున తిరిగి వెళ్తుంది కాలువ. మనం కాంటూరు అనే రేఖ అదే. గుట్ట తవ్వితే కూలి ఖర్చు, కట్ట పోస్తే తెగే భయం, లాకులు కడితే పడవ దాటిన ప్రతిసారీ పై నీరు కిందికి పోతుంది. చుట్టు తిరిగితే దూరం పెరుగుతుంది గానీ ఈ మూడూ తగ్గుతాయి. దారి పొడుగునా ఉన్న ఊళ్లన్నిటికీ రేవు కూడా దక్కుతుంది. పార, గడ్డపార, చక్రపు తోపుడుబండి తప్ప వేరే సాధనం లేని కాలానికి అది సరైన నిర్ణయమే.

స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్ కాలువ గట్టు మీద సైకిలు తొక్కితే ఈ పద్ధతి ఒంటికి తెలుస్తుంది. సెవర్న్ నది ఒడ్డున స్టౌర్‌పోర్ట్ దగ్గర మొదలై గ్రేట్ హేవుడ్ దగ్గర ట్రెంట్ అండ్ మెర్సీలో కలిసేదాకా 46 మైళ్లు. స్టౌర్‌పోర్ట్ ఊరు పెరిగిందే ఈ కాలువ వల్ల. కిన్వర్ వైపు ఎర్ర ఇసుకరాయి కొండచరియలు నీటి మీదికి వంగి ఉంటాయి. వొంబోర్న్ దగ్గర బ్రాచ్ అనేచోట మూడు లాకులు ఒకదాని వెనక ఒకటి దాదాపు ఆనుకుని ఉంటాయి. ఇటుక వంతెనలు పొట్టిగా, గూని వీపుతో ఉంటాయి. వాటి అంచుల్లో వేలు పట్టేంత గాళ్లు కనిపిస్తాయి. తడిసిన తాళ్లు ఏళ్ల తరబడి ఒరుసుకుని రాయినీ ఇనుమునూ కోసిన గుర్తులవి. లాకుల పక్క ఏటవాలులో గుర్రం కాలు జారకుండా అడ్డంగా ఇటుకలు పొడుచుకుని ఉంటాయి. గుర్రానికి మేలు చేసినవే సైకిలువాడి నడుం విరుస్తాయి.

వెళ్లాలనుకునే పిల్లలెవరైనా ఉంటే రెండు ముక్కలు. వంతెన కింద బాట సన్నబడుతుంది, అవతల ఎవరున్నారో కనబడదు. గంట కొట్టి మెల్లగా వెళ్లాలి, నడిచేవాళ్లదే ముందు హక్కు. శరదృతువులో కంచెలు కత్తిరించినప్పుడు ముళ్లు బాట మీద పడతాయి, పంక్చరు సామాను లేకుండా బయలుదేరవద్దు. శీతాకాలం చాలాచోట్ల బురదే.

కొండ చుట్టూ తిరగడం కుదరనిచోటు కూడా ఒకటి వచ్చింది. స్టోక్‌కు ఉత్తరాన హేర్‌కాజిల్ గుట్ట. అక్కడ 2,880 గజాల సొరంగం తవ్వక తప్పలేదు, అంటే రెండున్నర కిలోమీటర్లకు పైనే. గుట్ట మీద నుంచి వరసగా బావులు దింపి, వాటి అడుగు నుంచి రెండు వైపులకూ తవ్వుకుంటూ పోయారు. ఊట నీరు, గట్టి రాయి పనిని పట్టి పెట్టాయి. పూర్తి కావడానికి 11 ఏళ్లు పట్టింది. ఖర్చు తగ్గించడానికి సొరంగాన్ని ఇరుకుగా, గట్టు లేకుండా తవ్వారు. పడవ లోపలికి వెళ్లేటప్పుడు గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించేవారు. పడవను మనుషులు వెల్లకిలా పడుకుని, సొరంగం గోడను కాళ్లతో తన్నుకుంటూ చీకట్లో నడిపేవారు. గుర్రాలు వెళ్లిన ఆ కొండ దారికి ఇప్పటికీ బోట్‌హార్స్ రోడ్ అనే పేరు. సైకిలుకు కూడా సొరంగంలో దారి లేదు, గుర్రం వెళ్లిన దారినే కొండ ఎక్కి దిగాలి. రోజంతా మట్టంగా తొక్కి వచ్చినవాడికి అక్కడ ఊపిరి అందదు.

ఇరుకు సంగతి వచ్చింది కాబట్టి మరో మాట. బ్రిండ్లీ ఈ కాలువల మీద లాకుల వెడల్పు సుమారు ఏడు అడుగులకు, పొడవు సుమారు 72 అడుగులకు ఖాయం చేశాడు. సన్నటి లాకుకు నీరు తక్కువ పడుతుంది, కట్టుబడి తక్కువ. అప్పటికి అది లాభమే. అయితే కూడలి కాలువలన్నీ ఆ కొలతకే కట్టాక పెద్ద పడవకు దారి లేకుండా పోయింది. ఒక ఇంజినీరు ఒకసారి వేసిన కొలత రెండు వందల ఏళ్లు ఒక దేశపు రవాణాను కట్టేసింది. మన వృత్తిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇవన్నీ ఆయన ఎలా ఆలోచించాడు? నకళ్లు, లెక్కల పుస్తకాలు చాలా తక్కువ. చిక్కు సమస్య వస్తే ఇంటికి వెళ్లి మంచం ఎక్కేవాడు. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు అలాగే పడుకుని ఆలోచించి, తేలాక లేచి నేరుగా పనిచోటికి వెళ్లేవాడు. జేబు పుస్తకంలో రాసుకున్న మాటలు చెవికి వినబడ్డట్టు రాసినవే, అక్షరదోషం లేని వాక్యం అరుదు. సర్వే అన్న మాట కూడా సరిగ్గా రాయలేదు. ఆ సర్వేల మీద నడిచిన కాలువల్లో మాత్రం నీరు నిలిచింది. లండన్‌లో ఒకసారి డేవిడ్ గారిక్ నాటకానికి తీసుకెళ్తే, మనసు చెదిరి రోజుల తరబడి పని సాగలేదని, మళ్లీ నాటకం మొహం చూడలేదని చెబుతారు. కాగితం మీద దించుకోలేనివాడికి తలే కాగితం. దాని మీద ఇంకొకరి గీతలు పడితే ఆయనకు ఇబ్బంది.

1765 డిసెంబరులో, 49వ ఏట, ఆన్ హెన్షల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు 19 ఏళ్లు. టర్న్‌హర్స్ట్‌లో కాపురం, ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో ఉన్నది తక్కువ. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ, ఆక్స్‌ఫర్డ్, డ్రాయిట్‌విచ్, చెస్టర్‌ఫీల్డ్ కాలువలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అన్నిటికీ గుర్రం మీదే తిరగాలి. అన్నిచోట్లా ఉండలేకపోయాడు. కోవెంట్రీ కంపెనీ డబ్బు అయిపోయి 1769లో ఆయన్ని తొలగించింది కూడా. ఈ మనిషి ఇలా తిరిగితే ఎన్నాళ్లు బతుకుతాడని వెడ్జ్‌వుడ్ తన ఉత్తరాల్లో దిగులుపడ్డాడు. నీటికి అడ్డం వస్తే చుట్టు తిరిగి పొమ్మన్న మనిషి తన ఒంటికి మాత్రం ఆ సూత్రం వర్తింపజేయలేదు.

1772లో కాల్డన్ శాఖ కాలువకు సర్వే చేస్తూ ఇప్‌స్టోన్స్ దగ్గర భారీ వానలో తడిసిపోయాడు. ఆ తడితోనే సత్రంలో పడుకున్నాడని, అక్కడి పక్క కూడా చెమ్మగా ఉందని చెబుతారు. జ్వరం పట్టుకుంది. చూసిన వైద్యుడు ఎరాస్మస్ డార్విన్, జీవపరిణామం చెప్పిన డార్విన్‌కు తాతగారు. అప్పటికే మధుమేహం ముదిరిందని ఆయన గుర్తించాడు. సెప్టెంబరు 27న టర్న్‌హర్స్ట్‌లో బ్రిండ్లీ కన్నుమూశాడు. వయసు 56. న్యూచాపెల్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. బర్మింగ్‌హామ్ కాలువ పూర్తయింది ఆ నెలలోనే. హేర్‌కాజిల్ సొరంగంలో వెలుగు ఇంకా అవతలికి చేరలేదు. నేనిప్పుడు ఇంచుమించు ఆ వయసులో ఉన్నాను. మన బ్యాచ్‌లో షుగరు మాత్రలు జేబులో పెట్టుకుని సైటుకు పరుగెత్తేవాళ్లు తక్కువేమీ లేరు. ఆ మాట వాళ్లకే రాస్తున్నాను.

తలలోనే అన్నీ పెట్టుకున్న మనిషి హఠాత్తుగా పోతే పనులన్నీ ఆగిపోవాలి. ఆగలేదు. ట్రెంట్ అండ్ మెర్సీని ఆయన బావమరిది హ్యూ హెన్షల్ 1777లో పూర్తిచేశాడు. చెస్టర్‌ఫీల్డ్ కాలువను కూడా ఆయనే ముగించాడు. ఆక్స్‌ఫర్డ్ కాలువ పనిని శామ్యూల్ సిమ్‌కాక్ అందుకున్నాడు, 1790లో అది ఆక్స్‌ఫర్డ్ చేరడంతో నాలుగు నదుల కూడలి కలిసింది. రాబర్ట్ విట్‌వర్త్, థామస్ డాడ్‌ఫర్డ్ తర్వాతి తరం కాలువలు కట్టారు. వీళ్లంతా బ్రిండ్లీ వెంట గుర్రాల మీద తిరిగినవాళ్లు, ఆయన చూపిన చోట కర్ర పాతినవాళ్లు. ఆయన పుస్తకం రాయలేదు. శిష్యుల్ని తయారుచేశాడు.

తర్వాత వచ్చినవాళ్లకు ఆ వంకరలు నచ్చలేదు. 1820ల్లో థామస్ టెల్‌ఫర్డ్ బర్మింగ్‌హామ్ కాలువను నిటారుగా తవ్వి సుమారు ఏడు మైళ్లు తగ్గించాడు. హేర్‌కాజిల్‌లో పక్కనే రెండో సొరంగాన్ని మూడేళ్లలో తవ్వించాడు. ఆక్స్‌ఫర్డ్ కాలువ ఉత్తర భాగాన్ని కూడా 1830ల తొలినాళ్లలో సరిచేశారు. సాధనాలు మెరుగుపడ్డాయి, కాలం మారింది, అది న్యాయమే. ఆ వెంటనే రైలు వచ్చి నిటారు కాలువనూ వంకర కాలువనూ ఒక్కలాగే వెనక్కి నెట్టింది. 1960ల నాటికి సరుకు పడవలు దాదాపు కనుమరుగయ్యాయి. పూడ్చేయవలసిన కాలువల్ని నిలబెట్టింది మామూలు జనం. 1946లో కొందరు ఔత్సాహికులు సంఘం పెట్టి పోరాడారు, బురద తీశారు, లాకులు బాగుచేశారు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల జలమార్గాల్ని 2012 నుంచి ఒక ధర్మసంస్థ చూసుకుంటోంది. విహారానికి వచ్చేవాళ్లకు తొందర లేదు. అందుకే ఇప్పుడు వాళ్లు వెతుక్కుని వెళ్లేది బ్రిండ్లీ వంకరల దగ్గరికే.

బర్మింగ్‌హామ్ నడిబొడ్డున కాలువ ఒడ్డున ఒక పేటకు బ్రిండ్లీప్లేస్ అని పేరు పెట్టారు. కోవెంట్రీ కాలువ రేవులో ఆయన విగ్రహం ఉంది, ఒకప్పుడు తీసేసిన కంపెనీ కాలువే అది.

మన మాస్టార్లు ఎన్నో వేల కాంపోజిషన్ పుస్తకాలు ఎర్రసిరాతో దిద్ది ఉంటారు. అక్షరదోషాల కింద గీత గీయడం అవసరమే, రాత వచ్చినవాడి పని పదిమందికి అందుతుంది. ఆ గీతలే ఎక్కువగా ఉన్న పుస్తకం తాలూకు కుర్రాడు బడి వదిలాక కాలువలో నీటిని చూస్తూ నిలబడి ఉంటే, వాడేం చూస్తున్నాడో ఒకసారి అడగండి. మన సంఘం తరఫున ఇచ్చే బహుమతుల్లో ఇప్పటిదాకా అన్నీ మార్కులకే ఇస్తున్నాం. వచ్చే ఏడాది నుంచి చేతిపనిలో, చూపులో దిట్ట అయిన పిల్లకో పిల్లాడికో ఒక బహుమతి కలపాలని ప్రతిపాదిస్తున్నాను. దానికయ్యే ఖర్చు నేను భరిస్తాను. బహుమతిగా ఒక సైకిలు ఇద్దాం.